బంగారు వానకు తెల్ల జెండా

జావా దీవిలో జోగ్జా ఊరి మనిషికి మొహం మీద మాట అనడం చేతకాదు. కూరలో ఉప్పు నోరు మండిస్తుంటే "తీపి కొంచెం తగ్గిందేమో" అంటాడు గానీ ఉప్పెక్కువైందని అనడు. అలాంటి ఊళ్లో పుట్టి, అరవై దాటాక కూడా నోటికీ మనసుకీ మధ్య తలుపు పెట్టించుకోని మనిషి పాక్ వగిమిన్. అదైనా గువ్వల విషయంలోనే. మిగతా అన్నిటిలో అతనూ అందరిలాంటి మొహమాటస్తుడే.

పాక్ అన్నది అక్కడ పెద్దవాళ్లకిచ్చే మర్యాద, ఆడవాళ్లకైతే బు. వగిమిన్ వెదురు పంజరాలు అల్లుతాడు. గువ్వల పోటీల్లో తీర్పు చెబుతాడు. కోట దక్షిణపు మైదానంలో పొడుగాటి గెడలు పాతి, ఒక్కో గెడకు ఒక్కో పంజరాన్ని తాడుతో పైకి లాగి కడతారు. పైన గువ్వలు కూస్తుంటాయి. కింద తీర్పరులు మెడలు వాల్చుకుని, చెవులు రిక్కించి తిరుగుతుంటారు. గువ్వ కూతకు ముందు, మధ్య, తోక అని మూడు భాగాలు. మూడూ కుదిరితే గెడ మొదట్లో ఎర్ర జెండా గుచ్చుతారు. రెండు కుదిరితే పసుపు. అంతకన్నా తక్కువైతే తెల్లది. తెల్ల జెండా అంటే వచ్చినందుకు సంతోషం, టీ తాగి వెళ్లండి అని అర్థం.

పోయిన ఏడు ఆ మైదానానికి ఒక కొత్త పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ నలగని బాతిక్ అద్దకం చొక్కా, వెనకాల పంజరం మోయడానికి ఇద్దరు, ఆ వెనకాల పొగడడానికి నలుగురు. గువ్వ పేరు బంగారు వాన. ఆ పేరు విని జనం ముందే తలలూపడం మొదలుపెట్టారు. వగిమిన్ గెడ కింద చాలాసేపు నిలబడి, సంచిలోంచి తెల్ల జెండా తీసి గుచ్చాడు.

పెద్దమనిషి చిరునవ్వుతోనే వచ్చాడు. "ఎక్కడ తప్పిందో చెబుతారా పాక్?"

"గొంతు పరవాలేదు. మధ్యలో తడబడుతోంది. తోక అసలు లేనే లేదు. కథ మొదలుపెట్టి చివర మరిచిపోయే ముసలాడిలా ఉంది మీ గువ్వ."

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. పొగడడానికి వచ్చిన నలుగురిలో ఇద్దరు కూడా నవ్వారు, అదీ అసలు బాధ. పెద్దమనిషి చిరునవ్వు చెదరకుండానే పంజరం దింపించుకుని వెళ్లిపోయాడు. జావాలో చిరునవ్వు ఉన్నంత మాత్రాన కోపం లేదనుకోవడానికి వీల్లేదు. వగిమిన్ ఆయన పేరైనా అడగలేదు.

ఈ వానాకాలంలో వగిమిన్‌కు గుండెల్లో బరువు మొదలైంది. పొద్దున్నే పెరట్లో తన గువ్వల పంజరాలను గెడలకు లాగడం అతని అలవాటు. రెండో పంజరం దగ్గరకు వచ్చేసరికి రొమ్ము మీద ఎవరో పీట వేసుకు కూర్చున్నట్టు ఉండేది. ఎడమ దవడ పీకేది. తాడు వదిలేసి అరుగు మీద చతికిలబడేవాడు.

భార్య సుమిలా అతన్ని ఒక్క చూపు చూసి తేల్చేసింది. "గాలి దూరింది. తడితలతో వాకిట్లో కూచోవద్దంటే విన్నావా? పడుకో బోర్లా."

జావాలో ఏ జబ్బైనా ముందు గాలే. గాలి దూరడం, గాలి తిరగడం, గాలి గుండెలో కూర్చోవడం. దాన్ని బయటికి తీయడానికి సుమిలా దగ్గర వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన డచ్చివాళ్ల కాలం నాటి రాగి బిళ్ల ఉంది. వీపుకు ఘాటైన కాయుపుతి ఆకుల నూనె రాసి, బిళ్ల అంచుతో వెన్ను మధ్య నుంచి పక్కలకు గీతలు గీసేది. గీత గీతకూ చర్మం ఎర్రగా కందేది. ఎంత ఎర్రబడితే అంత గాలి పోయినట్టు లెక్క. కాసేపటికి నొప్పి తగ్గేది, వగిమిన్ లేచి అల్లం టీ తాగేవాడు, సుమిలా బిళ్లను కొంగున తుడిచి దాచుకునేది. ఇంత చక్కగా పనిచేసే వైద్యం ఉండగా ఆసుపత్రి ఎందుకని ఇద్దరూ హాయిగా ఉన్నారు.

ఒక రోజు మొదటి పంజరమే సగం దాకా వెళ్లి ఆగింది. వగిమిన్ చేతిలోంచి తాడు జారి, పంజరం దబ్బున కింద పడింది. లోపల గువ్వకేం కాలేదు. సుమిలా మాత్రం ఈసారి బిళ్ల జోలికి పోకుండా అతన్ని మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఏవో తీగలు అంటించి, కదిలే పట్టా మీద నడిపించి, కాగితం మీద గీతలు చూసి, గుండె డాక్టరు గది ముందు కూర్చోబెట్టారు.

తలుపు తెరుచుకుంది. లోపల కుర్చీలో అదే బాతిక్ చొక్కా, అదే చిరునవ్వు. బంగారు వాన యజమాని.

ఆయన పేరు బాస్కోరో అట. వగిమిన్‌ను గుర్తుపట్టాడో లేదో మొహంలో ఏం తెలియలేదు. "చొక్కా తీయండి పాక్" అన్నాడు. వీపు చూసి ఆగాడు. "ఈ పని ఎవరిది?"

"నాదే డాక్టర్‌గారూ" అంది సుమిలా కొంచెం గర్వంగానే.

"గీతలు బాగా తిన్నగా వచ్చాయి బు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇలా పులిచారలతోనే వస్తారు, ఇంత శుభ్రంగా ఎవరూ గీయలేదు. నొప్పి తగ్గేదా?"

"ప్రతిసారీ తగ్గేది."

"తగ్గుతుంది. బోర్లా పడుకుని అరగంట కదలకుండా ఉంటే ఈ నొప్పి దానంతటదే తగ్గుతుంది. పనిచేసింది పడక. పేరు మాత్రం బిళ్లకొచ్చింది."

సుమిలా మొహం ముడుచుకుంది. డాక్టరు బల్ల మీది రబ్బరు గుండెను ముందుకు జరిపి చెప్పాడు. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో ఏదో సన్నబడింది. కూర్చుని ఉంటే సరిపోయే రక్తం, తాడు లాగేటప్పుడు సరిపోవడం లేదు, ఆ కొరతే నొప్పి. ఎక్కడ ఎంత సన్నబడిందో బయట నుంచి తెలియదు. మణికట్టులో చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టాన్ని రక్తనాళం వెంట గుండె దాకా పంపి, మందు వదిలి ఫొటో తీస్తే తెలుస్తుంది. అవసరమైతే అదే దారిలో బుడగ పంపి వెడల్పు చేసి, మళ్లీ మూసుకోకుండా స్టెంట్ పెట్టేయవచ్చు.

"ఇదిగో ఇలాంటిది" అని బియ్యపు గింజను సాగదీసినంత లోహపు జల్లెడను అరచేతిలో పెట్టాడు.

వగిమిన్ తన భయం కూడా మరిచిపోయి దాన్ని వెలుగుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు. పంజరమే. ఇంత చిన్న పంజరం, ఎక్కడా ముడి కనిపించని అల్లిక. "ఎవరు అల్లారో గానీ చెయ్యి తిరిగినవాళ్లు" అన్నాడు.

"మెలకువగానే ఉంటారు, నొప్పి పెద్దగా ఉండదు. వచ్చేవారం పెట్టుకుందామా?"

"ఇంగ్గి" అన్నాడు వగిమిన్.

ఇంగ్గి అంటే సరే. జావా మనిషి సరేలో మూడు సరేలున్నాయి. నిజంగా సరే, మీ మాట విన్నాను సరే, ఇక్కణ్ణించి బయటపడనివ్వండి తర్వాత చూద్దాం సరే. వగిమిన్ చెప్పింది మూడోది. వచ్చేవారం అతను ఆసుపత్రి దారి తొక్కలేదు. తర్వాతి వారం పెళ్లి ఉందన్నాడు, ఆ తర్వాత వెదురు ఎండుతోందన్నాడు.

సుమిలా ఊరుకుంటుందా. "అసలు సంగతి చెప్పు పాక్. సూదంటే భయమా?"

"సూది కాదు. ఆ డాక్టరెవరో తెలుసా? నేను తెల్ల జెండా గుచ్చింది ఆయన గువ్వకే. నా మణికట్టులోంచి గుండెకు తీగ పంపుతాడట. ఇవతలి కొస ఎవరి చేతిలో ఉంటుందో చూసుకున్నావా?"

సుమిలా ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టి గోడకు ఆనుకుంది. నవ్వు ఆగాక అంది. "అంతేనా? వెళ్లి, అయ్యా ఆ రోజు నా చెవిలో నీళ్లున్నాయి, మీ గువ్వ తేనెలా కూసింది అని చెప్పు. నోరేం అరిగిపోదు."

"చెప్పలేను."

"చచ్చినా?"

"తోక లేదు బు. లేని తోకను ఎక్కణ్ణించి తేను?"

"తోక సంగతి నాకెందుకు? ఊపిరుంటే ఉప్పమ్ముకునైనా బతకొచ్చు. ముందు ఊపిరి చూసుకో" అని ఆవిడ విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పంజరం కాదు కదా, స్నానానికి నీళ్ల బకెట్టు మోస్తేనే నొప్పి వచ్చింది. వగిమిన్ గోడ పట్టుకుని గదిలోకి వచ్చి, అలవాటుగా చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. సుమిలా నూనె సీసా, రాగి బిళ్ల పట్టుకుని పక్కన కూర్చుంది. గీయలేదు.

"ఏమైంది, కానీ" అన్నాడు వగిమిన్ దిండులోంచి.

"ఈసారి గీయను."

"నొప్పిగా ఉంది బు."

"నాకు తెలుసు. కదలకు. బిళ్ల లేకుండా తగ్గకపోతే ఆ డాక్టరు అబద్ధాలకోరు, జన్మలో నిన్ను అక్కడికి రమ్మనను. తగ్గితే మాత్రం ఇవాళే బయల్దేరాలి."

ఇద్దరూ ఎదురుచూశారు. పెరట్లో గువ్వలు ఒకదాని తర్వాత ఒకటి కూస్తున్నాయి. వగిమిన్ జీవితంలో మొదటిసారి వాటిని వినలేదు, తన రొమ్ము మీది పీటనే వింటూ పడుకున్నాడు. పీట కాస్త తేలికైంది. ఇంకాస్త తేలికైంది. తర్వాత ఎవరూ కూర్చోనట్టే పోయింది. వీపు మీద ఒక్క గీత లేదు.

అతను ఏమీ అనకముందే అతని ఊపిరిని బట్టి సుమిలాకు తెలిసిపోయింది. బిళ్లను ఒళ్లో పడేసి కొంగుతో మొహం కప్పుకుంది. "వానాకాలమంతా నీ తోలు గీకుతూ కూచున్నానా నేను? నా చేతుల్లోనే పోయేవాడివి కదయ్యా" అని ఏడ్చింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడ ఏడవడం వగిమిన్ రెండోసారి చూడడం. గుండెనొప్పి కన్నా అదే అతనికి ఎక్కువ నొప్పి పెట్టింది. లేచి చొక్కా వేసుకున్నాడు.

"పద. తీగ కొస ఎవరి చేతిలో ఉన్నా సరే."

ఈ సరే మొదటి రకం.

ఆసుపత్రిలో ఇక ఆలస్యం చేయలేదు. బకెట్టు మోస్తేనే నొప్పి వచ్చిందని వినగానే పడక ఇచ్చి, మర్నాడు పొద్దున్నే గుండెకు గొట్టం పంపే క్యాథ్ ల్యాబుకు తోసుకెళ్లారు. ఆ గది చేపల గిడ్డంగిలా చల్లగా ఉంది. రెత్నో అనే నర్సమ్మాయి అతని కుడిచేతిని పలక మీద చాపి పెట్టి, మణికట్టుకు ఎర్రమందు పూసింది. "చల్లగా ఉందా తాతగారూ? దుప్పటి కప్పుతా. వీపు మీద చారలు లేవే, మా ఆసుపత్రికి కొత్తా మీరు?"

"మా ఆవిడ బిళ్ల వదిలేసింది" అన్నాడు వగిమిన్.

బాస్కోరో ఎక్స్‌రే కిరణాలు తగలని సీసపు అంగీ తొడుక్కుని వచ్చాడు. మొహానికి గుడ్డ ఉంది, చిరునవ్వు కూడా కనిపించదు. మణికట్టులో సూది చీమ కుట్టినట్టు కుట్టి, తర్వాత మొద్దుబారిపోయింది. చేతిలోపల ఏదో జరజరా పాకుతున్నట్టు కొంచెం అనిపించి అదీ ఆగిపోయింది. వగిమిన్ కళ్లు మూసుకుని, సుమిలా నేర్పి పంపిన మాటను నోట్లో తిప్పుకున్నాడు. మీ గువ్వ తేనెలా కూసింది. నాలుక చివరి దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"డాక్టర్‌గారూ" అన్నాడు చివరికి. "నేనెవరో గుర్తుందా?"

"కథ చివర మరిచిపోయే ముసలాడు" అన్నాడు డాక్టరు తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆసుపత్రంతా రెండు నెలలు నన్ను అలాగే పిలిచింది. నా ముందు కాదులెండి."

రెత్నో దగ్గు వచ్చినట్టు అటు తిరిగింది.

"కోపం వచ్చిందా?"

"రాకుండా ఉంటుందా పాక్? ఇప్పటికీ ఉంది. బట్టలు మార్చుకునే గదిలో కొక్కేనికి తగిలించి వచ్చాను. పని అయ్యాక మళ్లీ వేసుకుంటా. ఇప్పుడు కదలకండి, ఒంట్లో కొంచెం వెచ్చగా అనిపిస్తుంది."

అనిపించింది. తెర మీద బూడిదరంగులో ఒక తీగ అల్లుకుంటూ విచ్చుకుంది, కొమ్మలతో, రెమ్మలతో, అతని ఊపిరితో కదులుతూ. అది తన గుండేనని వగిమిన్‌కు నమ్మబుద్ధి కాలేదు. మందు కరిగి తీగ మాయమైంది. మళ్లీ విచ్చుకుంది. డాక్టరు దాన్ని అటు నుంచి ఇటు నుంచి చూశాడు.

గెడ కింద నిలబడ్డ గువ్వ యజమానులు ఎలా ఊపిరి బిగబట్టి తన మొహం చూస్తారో వగిమిన్‌కు ఆ క్షణం అర్థమైంది. "ఎలా ఉందో చెప్పండి. మెత్తగా చుట్టి చెప్పొద్దు."

"మీకెందుకు చుట్టి చెబుతాను?" డాక్టరు తెర మీద వేలు పెట్టాడు. "గుండె ముందు నుంచి దిగే పెద్ద నాళం ఇది. ముందు భాగం బాగుంది. తోక బాగుంది. మధ్య చెడింది. చూడండి, ఇక్కడ తాడుతో బిగించినట్టు నులుముకుపోయింది. పదింట తొమ్మిది వంతులు మూసుకుంది. ఇలా వదిలేస్తే ఏదో ఒక పొద్దున పంజరంతో పాటు మీరూ పడతారు. మీ లెక్కలో పసుపేమో, నా లెక్కలో తెల్ల జెండా."

వగిమిన్‌కు భయం వేయాలి. వేసింది కూడా. దానితో పాటే ఒక నిమ్మళం వచ్చింది. ఈ మనిషికి తన మీద కోపం ఉంది, అయినా బాగున్నదాన్ని బాగుందన్నాడు, చెడినదాన్ని చెడిందన్నాడు. ఇలాంటి తీర్పరి చేతిలో తీగ కొస ఉంటే ఫరవాలేదనిపించింది.

"మధ్య బాగుచేయండి" అన్నాడు. ఇంగ్గి అనలేదు.

గొట్టంలోంచి వెంట్రుకంత తీగ ఇరుకును దాటింది. దాని మీదుగా బుడగ వెళ్లింది. "ఇప్పుడు ఆ పాత నొప్పి కాసేపు వస్తుంది, భయపడొద్దు" అంటుండగానే వచ్చింది. అదే పీట, అదే బరువు. వగిమిన్ పళ్లు బిగించాడు. రెత్నో అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. బుడగ తగ్గింది, పీట లేచిపోయింది. తర్వాత ఆ చిన్న పంజరం వెళ్లి ఇరుకు ఉన్నచోట విచ్చుకుని కూర్చుంది. మందు వదిలి మళ్లీ చూస్తే, నులిమిన చోట తెలియకుండా తీగ మొదటి నుంచి చివరి దాకా నిండుగా పారింది.

వగిమిన్ కళ్ల వెంట నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

బయట సుమిలా మణికట్టుకు బిగించిన గాలి పట్టీ చూసి, "ఇంతేనా, ఈ కాస్త రంధ్రంలోంచేనా?" అని నాలుగుసార్లు అడిగింది. రక్తం పల్చబడే మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదనీ, ఆ మాత్రల మీద బిళ్లతో గీస్తే ఒళ్లంతా కమిలిపోతుందనీ డాక్టరు చెబితే, రాగి బిళ్లను ఆయన ఎదుటే సంచి అడుగుకు తోసేసింది. వారం తిరక్కుండా పెద్ద కుండెడు పనసకాయ గుదెగ్ కూర వండి ఆయన ఇంటికి మోసుకెళ్లింది.

వానలు వెళ్లాక మైదానంలో మళ్లీ పోటీ పెట్టారు. వగిమిన్ ఇప్పుడు పంజరాలు తనే లాగుతున్నాడు. మూడోదాని దగ్గర ఆగి, నొప్పి కోసం వెతుక్కుని, దొరక్క నవ్వుకుంటున్నాడు. పోటీ రోజు జెండాల సంచి భుజానికి తగిలించుకుని వెళ్లేసరికి, వరస చివరి గెడ మీద బంగారు వాన ఉంది. కింద బాస్కోరో నిలబడి ఉన్నాడు.

సుమిలా చెవిలో గుసగుసలాడింది. "పాక్, ప్రాణం పోసిన మనిషి. ఎర్రదే. కనీసం పసుపు. మేలు మరిచినవాడికి ఈ ఊళ్లో చావు కూడు కూడా ఎవరూ తినరు."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. మేలు అనేది జావాలో తీరే అప్పు కాదు, మనవల దాకా మోయాల్సిందే. వగిమిన్ గెడ కింద నిలబడ్డాడు. పోయిన ఏడు ఈ పని ఎంత తేలిగ్గా చేశాడో తలుచుకుంటే ఆశ్చర్యమేసింది. అప్పుడు ఆ మనిషికి తను ఏమీ బాకీ లేడు. ఏమీ బాకీ లేనివాడికి నిజం చెప్పడంలో పెద్ద గొప్పేముంది?

గువ్వ కూసింది. తోక ఉంటే బాగుండునని అతను నిజంగా, మనసారా కోరుకున్నాడు. మళ్లీ కూసింది. ఎర్ర జెండా మీద వేళ్లు పడ్డాయి. మణికట్టు మీది చిన్న మచ్చ కనిపించింది. ఆ రోజు ఈయన కూడా మర్యాదకు పోయి అంతా బాగుంది పాక్ అని ఉంటే తనిప్పుడు ఎక్కడ ఉండేవాడు?

వంగి తెల్ల జెండా గుచ్చాడు.

సుమిలా రెండు చేతులతో మొహం కప్పుకుంది. జనం ఈసారి నవ్వలేదు. బాస్కోరో జెండాను చూశాడు, వగిమిన్‌ను చూశాడు, మెల్లగా నడిచి వచ్చాడు. చిరునవ్వు లేదు.

"తోక?" అన్నాడు.

"రాలేదు డాక్టర్‌గారూ. మధ్య కాస్త మెరుగైంది గానీ ఇంకా కుదరలేదు. నన్ను క్షమించండి."

"ఇంట్లో మా ఆవిడ తోక వచ్చిందంటుంది. ఆసుపత్రిలో అందరూ వచ్చిందంటారు. నాకే నమ్మకం కుదరక తెచ్చాను." ఆయన వగిమిన్ కుడిచేతిని అందుకుని, మచ్చ పక్కన మూడు వేళ్లు ఆనించాడు. గువ్వ కింద తీర్పరి నిలబడినట్టే మెడ వాల్చి, కళ్లు సగం మూసి, చాలాసేపు నాడి విన్నాడు. మైదానమంతా వీళ్లనే చూస్తోంది.

"ముందు బాగుంది" అన్నాడు బాస్కోరో. "మధ్య బాగుంది. తోక కూడా ఉంది."

వగిమిన్ సంచిలో చెయ్యి పెట్టి, ఎర్ర జెండా ఒకటి ఏరి, డాక్టరు చొక్కా జేబులో గుచ్చాడు.